మైండ్‌హంటర్: చూసినవాళ్లు, చూడబోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సిరీస్ విషయంలో మధ్యేమార్గం పట్టేవాళ్లు తక్కువ. ఇంత మంచి నేరకథ తెరమీద ఇంకొకటి రాలేదనేవాళ్లు ఒకవైపు, మూడో ఎపిసోడ్‌కే ఆవులింతలు వచ్చాయనేవాళ్లు మరోవైపు. రెండు పక్షాలూ పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. తటస్థంగా ఉండే ఉద్దేశం నాకు లేదు. ఈ సిరీస్ నాకు ఇష్టం. అయితే అభిమానులు దాన్ని మెచ్చుకోవడానికి చెప్పే కారణాల్లో కొన్నిటితో నాకు పేచీ ఉంది. కథలోని మలుపులు కొన్ని బయటపడతాయి కాబట్టి, ఏమీ తెలియకుండా చూడాలనుకునేవాళ్లు మొదటి మూడు ప్రశ్నల దగ్గర ఆగిపోవడం మంచిది.

అసలు కథ ఏమిటి? ఎంత నిడివి ఉంటుంది?

కాలం 1977. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, క్వాంటికోలో ఎఫ్‌బీఐ శిక్షణ కేంద్రం. హోల్డెన్ ఫోర్డ్ అనే యువ అధికారి, బిల్ టెంచ్ అనే అనుభవజ్ఞుడు ఊరూరా తిరుగుతూ స్థానిక పోలీసులకు పాఠాలు చెబుతుంటారు. ఎలాగూ వెళ్తున్నాం కదా అని, దారిలో ఉన్న జైళ్లలో వరస హత్యలు చేసినవాళ్లను కలిసి మాట్లాడటం మొదలుపెడతారు. బోస్టన్ నుంచి వచ్చిన మనస్తత్వ శాస్త్ర ఆచార్యురాలు వెండీ కార్ ఆ సంభాషణలకు ఒక పద్ధతి తెస్తుంది.

నెట్‌ఫ్లిక్స్‌లో మొదటి సీజన్ 2017 అక్టోబరులో 10 ఎపిసోడ్లతో, రెండోది 2019 ఆగస్టులో 9 ఎపిసోడ్లతో వచ్చాయి. రూపకర్త జో పెన్‌హాల్. డేవిడ్ ఫించర్ నిర్మాతల్లో ఒకరు. రెండు సీజన్లలో కలిపి 7 ఎపిసోడ్లకు దర్శకత్వం కూడా వహించాడు. మూలం, ఎఫ్‌బీఐ అధికారి జాన్ డగ్లస్, మార్క్ ఒల్‌షేకర్‌తో కలిసి రాసిన 1995 నాటి పుస్తకం.

చాలా నెమ్మదిగా సాగుతుందట, నిజమేనా?

నిజమే. తుపాకీ పేలుళ్లు, కార్ల వేట, చివరి నిమిషంలో తలుపు బద్దలుకొట్టి బాధితురాలిని కాపాడటం వంటివి కావాలంటే ఇది చూడకండి. ఇందులో ముఖ్యమైన ఘట్టాలన్నీ ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక టేప్ రికార్డర్ చుట్టూ జరుగుతాయి.

కానీ నెమ్మదిగా ఉండటం వేరు, ఏమీ జరగకపోవడం వేరు. ప్రతి సంభాషణలోనూ ఎవరిది పైచేయి అన్న పోటీ నడుస్తూనే ఉంటుంది. జెర్రీ బ్రూడోస్ ఘట్టమే చూడండి. ఆరెగన్ రాష్ట్రంలో 1968, 69లలో నలుగురు స్త్రీలను చంపినవాడు. ఆడవాళ్ల చెప్పుల మీద అతనికి విపరీతమైన వ్యామోహం. ఎంతసేపూ తనకేమీ తెలియదన్నట్టు మాట దాటవేస్తుంటాడు. హోల్డెన్ ఒకరోజు పెద్ద సైజు ఎత్తుమడమల చెప్పుల జత తెచ్చి అతని ముందు పెడతాడు. గదిలో ఇంకేమీ మారదు. ఆ మనిషి చూపు, ఊపిరి మాత్రం మారిపోతాయి. చూస్తున్న మనకు వాడి మీద కలిగే అసహ్యంలో కొంత, చెప్పులు తెచ్చిన అధికారి మీదికి కూడా మళ్లుతుంది. అది పట్టుకున్నవాళ్లకు నెమ్మదితనం అడ్డుగా అనిపించదు.

రక్తపాతం ఎంత ఉంటుంది?

అనుకున్నదానికంటే చాలా తక్కువ. మొదటి ఎపిసోడ్ తొలి నిమిషాల్లో ఒక భయంకరమైన దృశ్యం ఉంది. టైటిళ్ల మధ్య శవాల బొమ్మలు రెప్పపాటు మెరిసి పోతుంటాయి. నేర స్థలాల ఫొటోలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. హత్యలను తెరమీద జరిపి చూపించడం దాదాపు లేదు. అలాగని పిల్లలతో కూర్చుని చూసేది కాదు. వినబడే మాటలు కనబడే నెత్తురుకంటే ఎక్కువ కలతపెడతాయి.

ఎడ్ కెంపర్ గురించి అందరూ ఎందుకంత మాట్లాడతారు?

కామెరాన్ బ్రిటన్ నటన వల్ల. ఆ పాత్రకు అతనికి 2018లో ఎమ్మీ నామినేషన్ వచ్చింది. ఈ ఒక్క విషయంలో మాత్రం ప్రేక్షకుల్లో చీలిక లేదు. సిరీస్ నచ్చనివాళ్లు కూడా కెంపర్ ఎపిసోడ్లు చూడమని చెబుతారు.

అసలు కెంపర్ 6 అడుగుల 9 అంగుళాల మనిషి. పదిహేనేళ్ల వయసులో తాతనూ నానమ్మనూ కాల్చి చంపాడు. విడుదలయ్యాక 1972, 73లలో కాలిఫోర్నియాలో ఆరుగురు యువతులను, తన తల్లిని, ఆమె స్నేహితురాలిని చంపాడు. ఆ తర్వాత కొలరాడో దాకా కారు నడుపుకుంటూ వెళ్లి, తానే పోలీసులకు ఫోన్ చేసి లొంగిపోయాడు. వాకవిల్ జైలులో అంధుల కోసం పుస్తకాలు చదివి టేపుల్లో రికార్డు చేసే పని కూడా చేశాడు.

బ్రిటన్ ఈ మనిషిని కేకలు వేయకుండా, కళ్లు ఉరమకుండా నటించాడు. తొలి సమావేశంలో హోల్డెన్‌కు గుడ్డు శాండ్‌విచ్ తినమని మర్యాద చేస్తాడు. బ్యాంకు గుమస్తా ఫారం నింపడం ఎలాగో వివరించినంత తాపీగా తన హత్యల గురించి చెబుతాడు. వినేవాడికి భయం మాటల వల్ల కాదు, ఆ మర్యాద వల్ల కలుగుతుంది. మొదటి సీజన్ చివర ఆసుపత్రి గదిలో ఈ మనిషి మంచం దిగి, తలుపుకు అడ్డంగా నిలబడి, హోల్డెన్‌ను కౌగిలించుకుంటాడు. హోల్డెన్ బయటికి పరుగెత్తి నడవాలో కుప్పకూలతాడు.

దీనికి దగ్గరగా నిజంగానే ఒకటి జరిగింది. హోల్డెన్ పాత్రకు ఆధారమైన డగ్లస్‌కు కాదు, అతని సహచరుడు రాబర్ట్ రెస్లర్‌కు. కెంపర్‌తో ఒంటరిగా మాట్లాడుతూ, ముగిశాక గార్డు కోసం గంట నొక్కితే ఎవరూ రాలేదు. నీ తల తుంచి బల్లమీద పెట్టగలనని కెంపర్ తాపీగా అన్నాడని రెస్లర్ తర్వాత రాశాడు. గార్డు వచ్చేదాకా మాటలతోనే కాలం గడిపాడు. తెరమీది కౌగిలి కల్పన. దాని వెనకున్న నిస్సహాయత కాదు.

హోల్డెన్ ఫోర్డ్ కథానాయకుడేనా? చాలామందికి అతను ఎందుకు నచ్చడు?

నచ్చాలని రాసిన పాత్ర కాదు. జోనథన్ గ్రాఫ్ నటన చెక్కబొమ్మలా ఉందని ఫిర్యాదు చేసేవాళ్లు కనిపిస్తారు. నా లెక్కలో ఆ బిగుసుకుపోయిన ముఖమే పాత్ర. మొదట్లో చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్న మంచి బాలుడు. హంతకుల దగ్గర మాట రాబట్టడానికి వాళ్ల భాష నేర్చుకుంటాడు. ఆ భాష పనిచేస్తోందని తెలిసిన కొద్దీ గర్వం పెరుగుతుంది.

1966లో షికాగోలో ఎనిమిది మంది నర్సింగ్ విద్యార్థినులను చంపిన రిచర్డ్ స్పెక్‌తో మాట్లాడేటప్పుడు, చనిపోయిన ఆ అమ్మాయిల గురించి హోల్డెన్ ఎంత నీచమైన మాట అంటాడంటే, తర్వాత దాన్ని రికార్డు నుంచి తుడిచేయాల్సి వస్తుంది. బిల్ దాన్ని కప్పిపుచ్చడానికి ఒప్పుకుంటాడు. కొత్తగా చేరిన గ్రెగ్ ఆ టేపును విచారణ విభాగానికి పంపిస్తాడు. గ్రెగ్‌ను ద్రోహి అని తిట్టే ప్రేక్షకులు చాలామంది. ఎందుకు తిట్టాలో నాకు అర్థం కాదు. ఆ గదిలో సరైన పని చేసినవాడు అతనొక్కడే.

మరి అందరికీ నచ్చే పాత్ర?

బిల్ టెంచ్. ఇందులో వాదన లేదు. సిగరెట్ వెలిగించుకుంటూ, విసుగును మింగుకుంటూ, ఎదుటివాడి మీద అసహ్యాన్ని దాచుకోలేక హోల్ట్ మెక్‌కలనీ చేసిన ఆ పాత్రే చూసేవాళ్ల తరఫున గదిలో కూర్చున్నట్టు ఉంటుంది.

పాత్రల్లో నిజమైనవాళ్లు ఎవరు?

హంతకుల పేర్లు, నేరాలు చాలావరకు నిజం. అధికారుల పేర్లు కల్పితం. హోల్డెన్‌కు జాన్ డగ్లస్, బిల్‌కు రాబర్ట్ రెస్లర్, వెండీకి ఆన్ బర్జెస్ ఆధారం. వాళ్ల ఇంటి కథలను మాత్రం నిజమనుకోకూడదు. వెండీ తన ప్రేమ జీవితాన్ని ఉద్యోగంలో దాచుకోవాల్సిన స్వలింగ ప్రియురాలు. బర్జెస్ పెళ్లయి పిల్లలున్న మనిషి. వెండీ మనస్తత్వ శాస్త్రవేత్త. బర్జెస్ మానసిక వైద్య నర్సింగ్ ఆచార్యురాలు. అత్యాచార బాధితుల మీద ఆమె అప్పటికే చేసిన పరిశోధన చూసే ఎఫ్‌బీఐ ఆమెను పిలిచింది. అంటే ఈ పనికి పద్ధతి నేర్పిన మనిషి హంతకుల వైపు నుంచి కాదు, బాధితుల వైపు నుంచి వచ్చింది. సిరీస్ దీన్ని వాడుకోకపోవడం పెద్ద లోటని నా ఉద్దేశం. రెండో సీజన్‌లో వెండీకి పని తక్కువైందనీ, అనా టోర్వ్ లాంటి నటిని బార్‌లో పరిచయమైన స్నేహితురాలి కథకు పరిమితం చేశారనీ వచ్చే ఫిర్యాదు న్యాయమైనదే.

హోల్డెన్‌కు వచ్చే భయం దాడులు కూడా కల్పన. అయితే డగ్లస్ 1983లో సియాటిల్‌లో ఒక కేసు మీద ఉండగా మెదడువాపుతో హోటల్ గదిలో పడిపోయి చావు అంచుదాకా వెళ్లాడు.

రెండో సీజన్ అట్లాంటా కథ మీద ఇన్ని వాదనలు ఎందుకు?

1979 నుంచి 1981 దాకా అట్లాంటా నగరంలో కనీసం 28 మంది నల్లజాతి పిల్లలు, కుర్రవాళ్లు, యువకులు హత్యకు గురయ్యారు. పిల్లల తల్లులు కమిటీగా ఏర్పడి రోడ్డెక్కితే తప్ప యంత్రాంగం కదలలేదు. ఇది కూ క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాతి దురహంకార సంస్థ పని అని ఊరంతా నమ్ముతున్నప్పుడు, హంతకుడు నల్లజాతి యువకుడే అయి ఉంటాడని ఎఫ్‌బీఐ ప్రొఫైల్, అంటే నేరం తీరును బట్టి హంతకుడు ఎలాంటివాడో వేసే అంచనా, చెప్పింది. 1981 మే 22 తెల్లవారుజామున చాటహూచీ నది వంతెన దగ్గర కాపలా కాస్తున్న పోలీసులకు నీళ్లలో ఏదో పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే వంతెనకు కొద్ది దూరంలో ఆపిన కారులో ఉన్నవాడు వేన్ విలియమ్స్. 1982లో అతనికి జీవిత ఖైదు పడింది.

వాదన అంతా ఇక్కడే మొదలవుతుంది. విలియమ్స్‌కు శిక్ష పడింది ఇద్దరు వయోజనుల హత్యకు. పిల్లల హత్యల్లో ఒక్కదానికి కూడా అతని మీద విచారణ జరగలేదు. అయినా ఇరవైకి పైగా కేసులను అతని ఖాతాలో వేసి మూసేశారు. తాను నిర్దోషినని అతను ఇప్పటికీ అంటున్నాడు. 2019 మార్చిలో, అంటే ఈ సీజన్ రావడానికి కొన్ని నెలల ముందు, నగర మేయర్ కీషా లాన్స్ బాటమ్స్ పాత సాక్ష్యాలను మళ్లీ పరీక్షిస్తామని ప్రకటించింది.

ముగింపు తేల్చకుండా వదిలేశారని కోప్పడే ప్రేక్షకులకు నేను చెప్పేది ఇదే: తేల్చి చూపిస్తే అది అబద్ధమయ్యేది. హోల్డెన్ విమానంలో ఇంటికి వెళ్తాడు, పై అధికారులు గెలిచామంటారు, తల్లులకు జవాబు దొరకదు. ఈ సీజన్‌లో నాకు బాగా గుర్తుండిపోయింది హంతకుల సంభాషణ కాదు. హంతకుడు స్మారక సభకు రావచ్చని ఊహించి హోల్డెన్ రెండు చెక్క శిలువలు చేయించాలనుకుంటాడు. అనుమతి కాగితాలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరుగుతాయి. చివరికి సమయం మించిపోయి, శిలువను భుజాన వేసుకుని అతను జనం మధ్య పరుగెత్తాల్సి వస్తుంది. ఆ జనం కళ్లకు, తమ దుఃఖంలోకి శిలువ మోసుకుంటూ దూసుకొచ్చిన తెల్లవాడు ఎలా కనిపించి ఉంటాడో హోల్డెన్‌కు తట్టనే తట్టదు. ఈ సీజన్ చివరి నాలుగు ఎపిసోడ్లు తీసింది కార్ల్ ఫ్రాంక్లిన్. ఫించర్ పేరు చెప్పుకుంటూ ఆయనను మరిచిపోవడం అన్యాయం.

బిల్ కొడుకు కథ అవసరమా?

దీని మీద ఏకాభిప్రాయం ఎప్పటికీ రాదు. బిల్ దంపతులు పెంచుకుంటున్న చిన్న కుర్రవాడు ఒక పసివాడి మరణంలో పాలుపంచుకుంటాడు. ఇది నిజ జీవితంలో రెస్లర్‌కు జరిగింది కాదు, రచయితల కల్పన. ఇంట్లోనే ఒక హంతకుడు తయారవుతున్నాడా అన్న భయాన్ని పుట్టించడం కోసం పెట్టారు. ఆలోచన బాగుంది, వాటం మరీ సులువుగా ఉంది. బిల్ భార్య నాన్సీగా స్టేసీ రోకా నటన వల్ల నిలబడింది.

ప్రతి ఎపిసోడ్ మొదట్లో కనిపించే మీసాల మనిషి ఎవరు?

ప్రతి ఎపిసోడ్‌లోనూ కనిపించడు కానీ, ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అతను కాన్సస్ రాష్ట్రానికి చెందిన డెనిస్ రేడర్. ఇళ్లకు దొంగల అలారాలు బిగించే సంస్థలో చాలా ఏళ్లు పనిచేశాడు. 1974 నుంచి 1991 మధ్య పదిమందిని చంపాడు. బీటీకే (కట్టెయ్, హింసించు, చంపు అన్న ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు) అని తనకు తానే పేరు పెట్టుకున్నాడు. సిరీస్ నడిచే కాలంలో అతను దొరకడు. అందుకే ఆ దృశ్యాలు ప్రధాన కథతో ఎక్కడా కలవవు. కలవలేదని విసుక్కునేవాళ్లు అతను ఎలా దొరికాడో తెలుసుకుంటే ఆ ఏర్పాటు ఎంత పదునైనదో తెలుస్తుంది.

ఫ్లాపీ డిస్కు పంపిస్తే నన్ను కనిపెట్టగలరా అని అతను పోలీసులనే అడిగాడు. ఏం ఫర్వాలేదని పోలీసులు పత్రికా ప్రకటన ద్వారా జవాబిచ్చారు. 2005 ఫిబ్రవరిలో అతను పంపిన డిస్కులో చెరిపేసిన ఫైలు ఆనవాళ్లలో ఒక చర్చి పేరు, డెనిస్ అన్న పేరు దొరికాయి. అతను ఆ చర్చి పాలక మండలి అధ్యక్షుడు. తర్వాత డీఎన్ఏ పరీక్ష దాన్ని ఖాయం చేసింది. ముప్పై ఏళ్లలో ఎన్నో ప్రొఫైళ్లు రాశారు. పట్టించింది మాత్రం అతని అహంకారం, ఒక కంప్యూటర్ డిస్కు.

ఇతని చేతిలో చావు తప్పించుకున్న యువకుడితో బిల్ మాట్లాడే ఘట్టం రెండో సీజన్ మొదట్లో ఉంది. అతను కారు వెనక సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి నన్ను చూడొద్దంటాడు. ఎదురుగా చూస్తూనే బిల్ ప్రశ్నలు అడుగుతాడు. అతని ముఖాన్ని కెమెరా మనకూ సరిగ్గా చూపించదు. హంతకుల ముఖాలను గంటల తరబడి దగ్గరనుంచి చూపించిన సిరీస్, బతికి బయటపడినవాడు కోరిన మరుగును గౌరవించింది. నా దృష్టిలో రెండు సీజన్లలోకీ గొప్ప దృశ్యం ఇదే.

ఇంతకీ ప్రొఫైలింగ్ నిజంగా పనిచేస్తుందా?

అభిమానులతో నా పేచీ ఇక్కడే. సిరీస్ చూసి చాలామంది ఇదొక శాస్త్రమని నమ్మేస్తారు. డగ్లస్, రెస్లర్, బర్జెస్‌ల పరిశోధనకు ఆధారం 36 మంది ఖైదీలతో సంభాషణలు. వాళ్లు మాట్లాడటానికి ఒప్పుకున్నవాళ్లు, పట్టుబడినవాళ్లు, అబద్ధమాడటంలో ఆరితేరినవాళ్లు. వాటి నుంచి పద్ధతిగా హత్యచేసేవాళ్లు, అస్తవ్యస్తంగా చేసేవాళ్లు అన్న రెండు రకాల విభజన పుట్టింది. 2004లో బ్రిటన్‌కు చెందిన డేవిడ్ కాంటర్ బృందం అమెరికాలోని 100 వరస హంతకుల కేసులను పరిశీలించి, ఈ విభజన నిలవదని తేల్చింది. దాదాపు అందరిలోనూ కొంత పద్ధతి, కొంత అస్తవ్యస్తం కలిసే ఉన్నాయి.

అలాగని అంతా వృథా అనడం కూడా సరికాదు. ఎలా ప్రశ్నించాలి, ఒకే మనిషి చేసిన నేరాలను ఎలా కలిపి చూడాలి అన్న విషయాల్లో పోలీసు పనికి ఇది కొంత మేలు చేసింది. నేర స్థలం చూసి మనిషి బొమ్మ గీయగలమన్న ధీమాతోనే చిక్కు.

సిరీస్ ఈ విషయంలో తన అభిమానులకంటే తెలివైనది. మొదటి సీజన్‌లో పిల్లల పాదాలకు చక్కిలిగిలి పెట్టే అలవాటున్న ఒక స్కూలు ప్రిన్సిపాల్ కథ ఉంది. అతను నేరం చేశాడన్న రుజువు లేదు. ముందు ముందు చేస్తాడేమోనని హోల్డెన్ అనుమానిస్తాడు; ఆ మనిషి ఉద్యోగం పోతుంది. హోల్డెన్ చేసింది తప్పా, ఒప్పా? కథ చెప్పదు. ఆ ప్రిన్సిపాల్ భార్య హోల్డెన్ ఇంటికే వచ్చి నిలదీస్తుంది. ఈ కథను అనవసరమని దాటేసేవాళ్లను చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సిరీస్ మొత్తం అడిగే ప్రశ్న ఆ ఎపిసోడ్‌లోనే ఉంది.

హంతకులకు ఇలా పేరు తెచ్చిపెట్టడం సబబేనా?

ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. కెంపర్ సంభాషణల్లోని వెటకారపు మాటలు నవ్వు కోసం పంచుకునేవాళ్లున్నారు. అతని చేతిలో చనిపోయిన యువతుల పేర్లు ఎవరికీ తెలియవు. సిరీస్ దీన్ని పూర్తిగా తప్పించుకోలేదు. కానీ అనుచరుల చేత హత్యలు చేయించిన ముఠా నాయకుడు చార్లెస్ మాన్సన్ ఘట్టంలో దాని వైఖరి స్పష్టంగానే తెలుస్తుంది. హోల్డెన్ అభిమాన తారను కలిసిన కుర్రవాడిలా మురిసిపోతాడు, బిల్ రగిలిపోతాడు. మనం ఎవరి పక్కన కూర్చున్నామో తేల్చుకోవడం మన పని.

క్రిమినల్ మైండ్స్ నచ్చినవాళ్లకు ఇది నచ్చుతుందా?

చెప్పలేం. అది ఎఫ్‌బీఐ ప్రొఫైలర్ల బృందం గురించి 2005లో మొదలై 15 సీజన్లు నడిచి, 2022లో మళ్లీ వచ్చిన సిరీస్. ప్రతి వారం ఒక హంతకుడు, సొంత విమానం, గంటలోపు పరిష్కారం. అందులోని బృందం ఒక కుటుంబంలా ఉంటుంది, అదే దాని బలం. అలసిపోయి ఇంటికి వచ్చిన రాత్రి నేను కూడా అదే పెట్టుకుంటాను. అయితే అందులో ప్రధాన పాత్ర వేసిన మాండీ పటింకిన్, స్త్రీల మీద రోజూ ఆ హింస చిత్రించడం భరించలేక 2007లో వదిలి వెళ్లిపోయాడు.

మూడో సీజన్ వస్తుందా?

2020 జనవరిలో నటులను ఒప్పందాల నుంచి విడుదల చేశారు. ఖర్చు ఎక్కువనీ, దానికి తగినంత మంది చూడలేదనీ 2023లో ఫించర్ స్పష్టంగా చెప్పాడు. 2025లో హోల్ట్ మెక్‌కలనీ మాత్రం మూడు సినిమాలుగా తీసే అవకాశం గురించి ఫించర్‌తో మాట్లాడానన్నాడు. చేతికి వచ్చేదాకా నమ్మకండి.

మొదటి ఎపిసోడ్ నచ్చలేదు. ఆపేయాలా?

రెండోది కూడా చూడండి. కెంపర్ వచ్చేది అందులోనే. ఆ గదిలో మీకు కుతూహలం పుట్టకపోతే తర్వాతి పదిహేడు ఎపిసోడ్లూ పుట్టించలేవు, నిశ్చింతగా వదిలేయవచ్చు. నచ్చితే మాత్రం రెండో సీజన్‌ను వరసగా ఒకే రోజు చూడకండి. అట్లాంటా ఎపిసోడ్ల మధ్య ఒకటి రెండు రోజుల విరామం ఉంటే, పేర్లు, తేదీలు గుర్తుపెట్టుకోవడం తేలికవుతుంది.